కుటుంబ, పునరుత్పత్తి ఆరోగ్యంలో మాస్టర్స్: ఇల్లు తాకట్టు పెట్టి అమెరికా వెళ్లాలా?

విభాగం: పై చదువులు / వైద్యం, ఆరోగ్యం

కిన్నెరసాని | జూన్ 14, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు. నైట్ డ్యూటీలో ఉన్నాను. లేబర్ రూమ్ కాస్త ఖాళీగా ఉంది. తెల్లారితే ధైర్యం చాలదని ఇప్పుడే రాసేస్తున్నా.

బీఎస్సీ నర్సింగ్ చేశాను. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సుగా నాలుగేళ్లయింది. అందులో మూడేళ్లు ప్రసూతి వార్డులోనే. అమెరికాలో ఒక యూనివర్సిటీలో పబ్లిక్ హెల్త్ మాస్టర్స్‌కి (ఎంపీహెచ్) సీటొచ్చింది. కుటుంబ, పునరుత్పత్తి ఆరోగ్యం అనే విభాగంలో, రెండేళ్ల కోర్సు. వాళ్లిచ్చే కాస్త స్కాలర్‌షిప్ పోను ఫీజు, ఖర్చులు కలిపి 45 లక్షల అప్పు కావాలి. నాన్న ఆర్టీసీ కండక్టర్, ఇంకో మూడేళ్లలో రిటైర్మెంటు. ఖమ్మంలో మాకున్నది ఒక్కటే ఇల్లు. అది పెడితే లోన్ ఇస్తామని బ్యాంకువాళ్లు అన్నారు. హైదరాబాద్‌లో ఎంపీహెచ్‌కి కూడా అప్లై చేశాను, ఇంకా ఏమీ తేలలేదు.

ఈ చదువే ఎందుకంటే, ఒక సంగతి చెప్పాలి. చలికాలంలో ఒక పిల్ల కాన్పుకి వచ్చింది, పందొమ్మిదేళ్లు. తోడుగా వచ్చినావిడ అక్క అనుకున్నాను, తల్లట. వయసు 35. పదిహేనేళ్లకి పెళ్లి, పద్దెనిమిది నిండేసరికి ఇద్దరు పిల్లలు, ఇరవైకి కు.ని. ఆపరేషన్. వయసు 22 అని రాయించారట. ఇరవై ఏడుకి గర్భసంచి తీసేశారు. ఎందుకు తీయించుకున్నావమ్మా అంటే, "తెల్లబట్ట అవుతుంటే క్యాన్సరొస్తదన్నరు" అంది. ఇప్పుడు ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేదు, మోకాళ్లు పట్టేస్తున్నాయి. ఇదంతా రేషన్ కార్డు గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

ఆ రోజు నుంచి కాన్పుకి తోడొచ్చే తల్లులను, అత్తలను గర్భసంచి సంగతి అడిగి ఒక నోట్‌బుక్‌లో గీతలు పెడుతున్నాను. గీతలు నేననుకున్నదానికన్నా ఎక్కువే పడ్డాయి. వీటిని ఏం చెయ్యాలో మాత్రం తెలియదు. అది నేర్పే చదువు ఇదేనని అనిపించింది. నిజమేనా? అప్పు చేసి వెళ్లొచ్చా? తిట్టాలనిపిస్తే తిట్టండి, పర్లేదు.

తెనాలి_మిర్చి | జూన్ 15, ఉదయం 6:20

పునరుత్పత్తి ఆరోగ్యం అంటే ఏంటమ్మా అని మీ మేనమామ అడిగితే ఏం చెప్తావో ముందు అది ప్రాక్టీస్ చెయ్యి. నేను ఎంబీఏ అంటేనే మా మామయ్యకి అరగంట పట్టింది.

పీహెచ్‌సీ_డాక్టర్ | జూన్ 15, ఉదయం 9:05

తిట్టమన్నారు కాబట్టి సూటిగానే రాస్తాను. జిల్లా ఆరోగ్య శాఖలో నిర్ణయాలు తీసుకునే కుర్చీలన్నీ ఎంబీబీఎస్, ఎండీ వాళ్లవి. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) కానివ్వండి, ప్రోగ్రామ్ ఆఫీసర్ కానివ్వండి. నర్సింగ్ మీద ఎంపీహెచ్ చేసి వస్తే జాతీయ ఆరోగ్య మిషన్‌లో కన్సల్టెంట్ పోస్టు దొరకొచ్చు. అది కూడా కాంట్రాక్టే, ఏటా రెన్యువలే. ఇప్పుడున్నదీ కాంట్రాక్టే కదా! 45 లక్షలు పోసి ఒక కాంట్రాక్టు నుంచి ఇంకో కాంట్రాక్టులోకి దూకడం ఎందుకు? ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి కాలేజీలో చేరండి. లేదంటే రెగ్యులర్ నోటిఫికేషన్‌కి చదవండి.

ఇంకోటి. నర్సులకి రిసెర్చ్ ఎందుకన్న మాట నేననను కానీ, అనేవాళ్లు చాలామంది ఉంటారు. దానికి సిద్ధపడి రండి.

సబ్‌సెంటర్_అక్క | జూన్ 15, మధ్యాహ్నం 1:40

డాక్టర్ గారూ, మీరు అననంటూనే అనేశారు.

చెల్లీ, నేను ఇరవై రెండేళ్లుగా ఏఎన్ఎంని. మా రిజిస్టర్లు, గర్భిణుల వివరాలెక్కించే ఆర్‌సీహెచ్ పోర్టల్, తల్లీబిడ్డల ఎంసీపీ కార్డులు, ఇన్ని లెక్కలు రాసిన చేతులివి. ఆ లెక్కలు పైకి పోతాయి, తిరిగి మా దగ్గరికి ఎప్పుడూ రావు. వస్తే 'మీ సెంటర్ వెనకబడింది' అనే మెమో రూపంలోనే వస్తాయి. లెక్క రాసే మనిషి లెక్క అడిగే మనిషిగా మారాలని ఒకళ్లకైనా అనిపించింది, నాకు సంతోషంగా ఉంది. ఇల్లు తాకట్టు సంగతి మాత్రం నేను చెప్పలేను, నా గుండె చిన్నది.

బాల్టిమోర్_పీతలు | జూన్ 15, రాత్రి 8:30

నేను ఈ చదువే చదివాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను. టీ పెట్టుకుని చదువు.

మాది గుంటూరు జిల్లా, బీడీఎస్ చేశాను. పళ్లు వదిలేసి జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎంఎస్‌పీహెచ్‌లో చేరాను. అదీ పబ్లిక్ హెల్త్ మాస్టర్సే, జనాభా, కుటుంబం, పునరుత్పత్తి ఆరోగ్యం మూడూ కలిసిన విభాగం. 1916లో పెట్టిన స్కూలు. అక్కడ సెమిస్టర్లుండవు. ఎనిమిదేసి వారాల టర్ములు, ఏడాదికి నాలుగు. ఊపిరి పీల్చుకునేలోపే పరీక్ష మీద పడుతుంది. మొదటి ఏడాది ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎందుకు వస్తున్నాయో చూసేది), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు), డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం). తర్వాత ఒక కాంప్రహెన్సివ్ పరీక్ష, కొన్ని నెలల ఫీల్డ్ ప్లేస్‌మెంట్, చివర్లో ఒక పేపర్. రెండో ఏడాది ట్యూషన్‌లో ముప్పావు వంతు స్కూలే మాఫీ చేసింది, లేకపోతే నేను పూర్తి చేసేదాన్ని కాదు. నీకు సీటిచ్చిన చోట రెండో ఏడాది ఫీజు ఎంతో విడిగా రాయించుకో. చాలామంది మొదటి ఏడాది లెక్క చూసి రెండుతో గుణించేస్తారు, ఒక్కోసారి అది తప్పవుతుంది.

ఏం నేర్పుతారంటే... ఒక క్లాసు చెప్తాను. సంతానోత్పత్తి రేటు ఎలా తగ్గుతుందో పాఠం. ఆడవాళ్ల చదువు పెరగాలి, పెళ్లి వయసు పెరగాలి, పిల్లల చావులు తగ్గాలి, అప్పుడు కాన్పులు తగ్గుతాయని పుస్తకంలో ఉంటుంది. అంతలో స్లైడ్ మీద మన ఆంధ్రప్రదేశ్ వచ్చింది! 1992-93 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2005-06కి అది 1.8. అప్పటికీ బాల్య వివాహాలు ఎక్కువే, ఆడవాళ్ల అక్షరాస్యత తక్కువే. మరి ఎలా తగ్గింది? ఇద్దరు పుట్టగానే, పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్. దేశాలు ఏళ్ల తరబడి చేసిన పనిని మా అమ్మ తరం ఒక కత్తిగాటుతో చేసేసిందని ఆ రోజు అర్థమైంది. క్లాసులో ఒకమ్మాయి "సక్సెస్ స్టోరీ" అంది. నాకు నోట మాట రాలేదు. మా అమ్మకి ఆపరేషన్ అయింది 21 ఏళ్లకి.

నువ్వు రాసిన ఆ 35 ఏళ్లావిడ కథ ఈ పాఠానికి రెండో భాగం. కాన్పులు ఇరవైకే అయిపోయాయి, ఇక గర్భసంచితో పనేముంది అనే మాట ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర మొదలై నర్సింగ్ హోమ్ దాకా వెళ్తుంది. ఇవి రెండూ ఒకదానికొకటి ముడిపడిన సంగతులని చూడటం ఈ చదువు నేర్పుతుంది.

ఇక చేదు మాటలు. 2025లో అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులు ఆగిపోయాక ఈ రంగం కింద నేల కదిలింది. మా స్కూలున్న యూనివర్సిటీయే ఆ మార్చిలో రెండు వేలకు పైగా ఉద్యోగాలు తీసేసింది. అందులో ఎక్కువ భాగం వేరే దేశాల్లో పనిచేసేవాళ్లవి. పేద దేశాల్లో సర్వేలు చేసే డీహెచ్‌ఎస్ కార్యక్రమం కూడా ఆ ఫిబ్రవరిలోనే ఆగింది. నాతో చదివినవాళ్లలో కుటుంబ నియంత్రణ ప్రాజెక్టుల మీద ఉన్నవాళ్లు ఇప్పుడు బీమా కంపెనీల డేటా చూస్తున్నారు. నేనూ అంతే. పీతల కూర మాత్రం ఇక్కడ బాగుంటుంది.

ఈఎంఐ_బాధితుడు | జూన్ 15, రాత్రి 10:15

నా పేరే నా సలహా.

లెక్క నేను వేసి పెడతాను. 45 లక్షలు, 11 శాతం వడ్డీ, పదేళ్లు. నెలకి దాదాపు 62 వేలు. చదువుకునే రెండేళ్ల వడ్డీ అసలులో కలిస్తే ఇంకా పైకి పోతుంది. నేను 2019లో వెళ్లి ఎంపీహెచ్ చేశాను, చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే ఓపీటీ ఏడాది అయిపోయింది, వీసా దొరకలేదు, తిరిగొచ్చాను. ఇప్పుడు ఒక ఎన్జీవోలో 55 వేలు. ఈఎంఐ 48. నా భార్య జీతంతో బతుకుతున్నాం, తనకి దండం.

నాకెవరూ చెప్పనిది ఒకటి చెప్తాను. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీద సీఐపీ కోడ్ అని నీ కోర్సు నంబరుంటుంది, చూడు. మాతాశిశు ఆరోగ్యానిది 51.2209, అది స్టెమ్ (శాస్త్ర సాంకేతిక కోర్సుల) జాబితాలో లేదు. అంటే చదువయ్యాక పనిచేసుకునే గడువు పన్నెండు నెలలే. ఎపిడెమియాలజీ 26.1309 అయితే స్టెమ్, ఇంకో ఇరవై నాలుగు నెలలు కలుస్తాయి. క్లాసులు దాదాపు అవే, కూర్చునే బెంచీ అదే. కోడ్ తేడాతో రెండేళ్ల బతుకు మారిపోతుంది. నాకిది తెలిసింది రెండో ఏడాది డిసెంబర్లో.

డల్లాస్_నర్సమ్మ | జూన్ 16, ఉదయం 5:45

ఈ అమ్మాయి బీఎస్సీ నర్సు కదా, ఎన్‌క్లెక్స్ (అమెరికాలో నర్సు లైసెన్సు పరీక్ష) అన్న మాట ఎవ్వరూ ఎత్తరేంటి? పరీక్ష హైదరాబాద్‌లోనే రాయొచ్చు. ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్సుగా) వస్తే, ఇక్కడ ఎంపీహెచ్ చేసినవాళ్లలో చాలామంది కన్నా ఎక్కువ సంపాదిస్తావు. గ్రీన్ కార్డు క్యూ మనవాళ్లకి పొడుగే, దాచను. కానీ రెండేళ్లు పనిచేసి, పనిచేసే హాస్పిటల్ ఫీజు సాయంతో ఆన్‌లైన్‌లో ఎంపీహెచ్ చేసినవాళ్లు నా యూనిట్‌లోనే ఇద్దరున్నారు. అప్పు లేదు, ఇల్లు తాకట్టు లేదు.

కిన్నెరసాని | జూన్ 16, మధ్యాహ్నం 3:10

ఇన్ని జవాబులొస్తాయని అనుకోలేదు. అందరికీ థాంక్స్.

డల్లాస్ అక్కా, ఎన్‌క్లెక్స్ నేనూ ఆలోచించాను. మా బ్యాచ్‌లో సగం మంది దానికే చదువుతున్నారు. కానీ డాలర్ల కోసమైతే ఈ నోట్‌బుక్ అవసరం లేదు కదా అని ఆగిపోయాను. తప్పుగా అనుకోవద్దు.

ఈఎంఐ అన్నా, కోడ్ చూశాను. 51తోనే మొదలైంది.

లెక్కల_మాస్టారు | జూన్ 16, రాత్రి 9:20

అమ్మాయ్, అప్పు సంగతి వీళ్లంతా చూసుకుంటున్నారు. నేను నోట్‌బుక్ సంగతి మాట్లాడతాను.

గీతలు పెట్టానన్నావు. అవి లవం. హారం ఏది? గర్భసంచి తీయించుకున్నవాళ్లకే గీత పెట్టావా, అడిగిన ప్రతి మనిషికీ పెట్టావా? మొదటిదే అయితే ఆ నోట్‌బుక్ బాధ చెప్తుంది, రేటు చెప్పదు. రెండోది, నువ్వు అడుగుతున్నది ఎవర్ని? ప్రభుత్వాసుపత్రికి కూతురినో కోడలినో కాన్పుకి తెచ్చినవాళ్లని. పిల్లలు లేనివాళ్లు అందులో ఉండరు. ప్రైవేటుకి పోయేవాళ్లు ఉండరు. తొందరగా పెళ్లయినవాళ్లు ఎక్కువగా ఉంటారు, ఎందుకంటే 35కే అమ్మమ్మ అయ్యేది వాళ్లే. అంటే నీ వార్డు ఒక జల్లెడ. జల్లెడలో మిగిలింది చూసి ధాన్యమంతా ఇలాగే ఉందని అనకూడదు.

నిరుత్సాహపరచడానికి కాదు ఇది. నువ్వు చూసింది నిజమే. కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడతలో, 2015-16లో, గర్భసంచి తొలగింపు గురించి నేరుగా అడిగారు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశ సగటు 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్ 9 దగ్గర, తెలంగాణ 8 దగ్గర. దేశంలో పై వరుసలో ఉన్నది మనమే. సుప్రీంకోర్టు కూడా 2023లో, అనవసరపు గర్భసంచి ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు అమలు చెయ్యమని రాష్ట్రాలకి చెప్పింది. కాబట్టి నీ ప్రశ్న పెద్ద ప్రశ్నే.

నేను ముంబయి దేవనార్‌లోని ఐఐపీఎస్ అనే జనాభా శాస్త్రాల సంస్థలో చదివాను. 1956లో పెట్టిన సంస్థ, ఈ కుటుంబ ఆరోగ్య సర్వేలు నడిపేది వాళ్లే. జనాభా శాస్త్రంలో మాస్టర్స్‌కి అక్కడ అయ్యే ఖర్చు, నువ్వు చెప్పిన మొత్తానికి వడ్డీ పాటి కూడా ఉండదు. హాస్టల్‌లో భోజనం గురించి మాత్రం అడగొద్దు. తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థలో అచ్యుత మీనన్ సెంటర్ ఎంపీహెచ్ 1997 నుంచి ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ ఉంది, ఐఐపీహెచ్ (పబ్లిక్ హెల్త్ సంస్థ) ఉంది, ముంబయిలో టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ) ఉంది. ఇవన్నీ దాటి 45 లక్షల దాకా పోవాల్సినంత కొరత మన దగ్గర లేదు.

పీహెచ్‌సీ_డాక్టర్ | జూన్ 16, రాత్రి 10:02

మాస్టారు హారం గురించి చెప్పింది అక్షరాలా నిజం. మేం ఎండీలో మూడేళ్లు నేర్చుకున్నది ఇదే. సబ్‌సెంటర్ అక్క మాట కూడా ఆలోచించాను. నేను కటువుగా రాశానేమో. పోస్టుల సంగతి మాత్రం ఉన్నదే రాశాను.

తెనాలి_మిర్చి | జూన్ 16, రాత్రి 10:30

డాక్టర్ గారు వెనక్కి తగ్గారు. ఈ వేదికలో ఇది చారిత్రక దినం, స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

అరకు_కాఫీ | జూన్ 17, ఉదయం 7:50

ఎవరూ ఎత్తని మాటొకటి. ఈ చదువు అనగానే అందరూ లెక్కలు, సర్వేలు అంటున్నారు. నేను పాడేరు వైపు ఏజెన్సీలో పనిచేస్తాను. బాలింత చావు జరిగితే మేం రాసే ఫారంలో మూడు జాప్యాలుంటాయి. ఇంట్లో నిర్ణయం తీసుకోవడంలో జాప్యం, ఆసుపత్రి చేరడంలో జాప్యం, చేరాక వైద్యం అందడంలో జాప్యం. 1994లో ఇద్దరు పరిశోధకులు రాసిన పద్ధతి ఇది, ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. మా దగ్గర రెండోది డోలీ. కొండ దిగి రోడ్డు చేరడానికి నలుగురు మనుషులు, రెండు కర్రలు, ఒక దుప్పటి. దీనికి మందు ఆసుపత్రి లోపల లేదు. నెలలు నిండకముందే గర్భిణిని కిందికి తెచ్చి ఉంచే వసతి గృహం సాలూరులో పెట్టారు, అలాంటి ఆలోచన కావాలి. ఆమె కిందికొస్తే ఇంట్లో చిన్నపిల్లల్ని ఎవరు చూస్తారు, పోడు ఎవరు చేస్తారు, ఇవన్నీ అడగాలి. అడిగే ఓపిక నేర్పేది కూడా ఈ చదువే. ఇంటర్వ్యూ ఎలా చెయ్యాలి, ఎక్కడ నోరు మూసుకోవాలి అన్నది నాకు టిస్‌లో ఒక పేపర్‌గా నేర్పారు. నాకు ఎక్కువ పనికొచ్చింది అదే.

35 ఏళ్లావిడ నీకు మొత్తం చెప్పిందంటే ఆ విద్య నీకు సగం వచ్చినట్టే.

గోదారి_గట్టు | జూన్ 17, ఉదయం 11:15

గర్భసంచి సరే. సిజేరియన్ల మీద చెయ్యొచ్చుగా? మా ఊళ్లో పంతులు గారు ముహూర్తం పెట్టి, డాక్టరమ్మ కోసేదాకా వచ్చింది. అమ్మ కడుపులో బిడ్డకి నక్షత్రం ముందే బుక్ చేస్తున్నారు.

లెక్కల_మాస్టారు | జూన్ 17, రాత్రి 8:45

గోదారి గారు మంచి దారి చూపించారు, దీన్ని వదలకూడదు.

2019-21 సర్వేలో తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం. ప్రైవేటులో 81.5, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5. ఆంధ్రలో మొత్తం మీద 42.4. దేశ సగటు 21.5. ఈ అంకెలు టీవీలో చాలాసార్లు వచ్చాయి. కానీ 'ఎక్కువ' అని అరవడం సులభం, ఏది ఎక్కువో చెప్పడం కష్టం. దానికి రాబ్సన్ పద్ధతి అని ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నుంచి దాన్నే వాడమంటోంది. కాన్పుకొచ్చిన ప్రతి మనిషిని పది గుంపుల్లో ఏదో ఒకదాంట్లో వేస్తారు. తొలిచూలా కాదా, ఇంతకు ముందు సిజేరియన్ అయిందా, నెలలు నిండాయా, బిడ్డ తల కిందికుందా అడ్డం తిరిగిందా, ఒక్కరా కవలలా, నొప్పులు వాటంతటవే వచ్చాయా తెప్పించారా. అంతే.

ఇప్పుడు చూడండి. తొలిచూలు, నెలలు నిండాయి, తల కిందికే ఉంది, నొప్పులు వాటంతటవే వచ్చాయి అంటే ఒకటో గుంపు. వీళ్లలో ఎక్కువమందికి మామూలు కాన్పు కావాలి. ఇక్కడ కోతలు ఎక్కువుంటే లేబర్ రూమ్‌లో ఏదో తేడా ఉందన్నమాట. ఐదో గుంపు, ముందే ఒక సిజేరియన్ అయినవాళ్లు. ఆ గుంపు ఏటేటా పెరుగుతుంటే, మొదటి కాన్పుల్లో కోసిన కోతలు రెండో కాన్పులో లెక్కకొస్తున్నాయన్నమాట. తొలిచూలు ముహూర్తం కేసులు నొప్పులు రాకముందే కోసినవాళ్ల కింద, రెండో గుంపులో బయటపడతాయి. ఒకే 60 శాతం వెనక రెండు ఆసుపత్రుల్లో రెండు వేర్వేరు కథలుండొచ్చు.

అమ్మాయ్, దీనికి కావలసినవన్నీ నీ లేబర్ రూమ్ రిజిస్టర్లో, కేస్ షీట్లలో ఉన్నాయి. జల్లెడ గొడవ కూడా తక్కువ. ఇక్కడ నీ ఆసుపత్రిలో జరిగిన కాన్పులే హారం, అన్నీ రాసే ఉన్నాయి. గర్భసంచి ప్రశ్న ఊళ్లోకి వెళ్లి అడగాల్సింది, అది పెద్ద పని, తర్వాత చేద్దువు.

కిన్నెరసాని | జూన్ 18, తెల్లవారుజాము 4:35

మాస్టారూ, మీ పోస్టు చదివి రాత్రి ఒక పని చేశాను. మే నెల రిజిస్టర్ తీసి, పేజీ పక్కన పెన్సిల్‌తో ఒకటి నుంచి పది దాకా గుంపులు రాస్తూ పోయాను. తెల్లారింది. ఒక చోట చిక్కుకున్నాను. నొప్పులు తెప్పించారా, వాటంతటవే వచ్చాయా అనేది రిజిస్టర్లో రాయడం లేదు. కేస్ షీట్ చూస్తే ఉంటుంది, అదీ అన్నిట్లో లేదు. మూడేళ్లుగా ఆ రిజిస్టర్ రాస్తున్నవాళ్లలో నేనూ ఉన్నాను!

బాల్టిమోర్_పీతలు | జూన్ 18, ఉదయం 6:10

రెండు నెలల క్లాసు నువ్వు ఒక నైట్ డ్యూటీలో చేసేశావు. నేను డాలర్లు కట్టి నేర్చుకున్నానని ఏడవాలో నవ్వాలో తెలియట్లేదు.

నిజంగా అడుగుతున్నా, డిఫర్మెంట్ అడిగావా? చాలా స్కూళ్లు ఏడాది వాయిదా ఇస్తాయి. స్కాలర్‌షిప్ మాత్రం నిలబడుతుందో లేదో రాతపూర్వకంగా అడుగు. ఈ ఏడాదిలో ఈ లెక్క పూర్తిచేస్తే, వచ్చే ఏడాది నువ్వు రాసే అప్లికేషన్‌లో 'నాకు మహిళల ఆరోగ్యమంటే ఎంతో ఇష్టం' అనే వాక్యం ఉండదు. ఆ వాక్యం ప్రతి అప్లికేషన్‌లోనూ ఉంటుంది, నాదాంట్లో రెండుసార్లుంది. లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఇదే రంగంలో ఏడాది కోర్సు ఉంది. చీవెనింగ్, కామన్వెల్త్ స్కాలర్‌షిప్పుల మీద మనవాళ్లు వెళ్తుంటారు. అక్కడ పని అనుభవం బాగా పనికొస్తుంది. మీరు ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల్లో ఉంటే తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యా పథకాలు కూడా చూడు, 20 లక్షల దాకా ఇస్తారు.

ఈఎంఐ_బాధితుడు | జూన్ 18, ఉదయం 9:30

ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా బ్యాంకు తాకట్టు అడుగుతుంది. అందుకే ఇల్లు అడిగారు. 20 లక్షలు పథకంలో వస్తే మిగతాదానికి కూడా ఇల్లు అడుగుతారు, సగం అప్పుకి సగం ఇల్లు పెట్టుకోరు. ఇది గుర్తుపెట్టుకో. మీ నాన్నగారు రిటైరయ్యే ఏడాదే నీ ఈఎంఐ మొదలవుతుంది, క్యాలెండర్‌లో రాసి చూడు.

సబ్‌సెంటర్_అక్క | జూన్ 18, మధ్యాహ్నం 2:15

మిడ్‌వైఫరీ మాట ఎవరూ అనలేదు, నేనంటాను. మన తెలంగాణలోనే 2017లో కరీంనగర్‌లో మొదలుపెట్టారు, స్టాఫ్ నర్సులకి పద్దెనిమిది నెలల శిక్షణ. మా మేనకోడలు చేసింది. ఇప్పుడు లేబర్ రూమ్‌లో తనే నడిపిస్తుంది, మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టడం మానేసి కూర్చోబెట్టి, నడిపించి కాన్పులు చేయిస్తుంది. ఒకటో గుంపు అన్నారే మాస్టారు, ఆ గుంపుని కోత దాకా పోకుండా ఆపే మనిషి ఆవిడే. లెక్క కట్టేవాళ్లూ కావాలి, ఆపేవాళ్లూ కావాలి. నువ్వు ఏ గుంపో తేల్చుకో చెల్లీ.

కిన్నెరసాని | జూన్ 18, రాత్రి 11:20

అక్కా, ఈ మాటకి చాలాసేపు ఆలోచించాను. చేతులతో చేసే పని నాకిష్టమే. కానీ నైట్ అయ్యాక కూడా రిజిస్టర్ వదిలి ఇంటికి పోబుద్ధి కాలేదు ఈ రోజు. అదే జవాబేమో.

మోడరేటర్ | జూన్ 20

పెళ్లి సంబంధాల గురించి వచ్చిన మూడు పోస్టులు తీసేశాం. అడిగింది చదువు గురించి.

తెనాలి_మిర్చి | జూన్ 20

అందులో నాది లేదని మనవి.

కిన్నెరసాని | ఆగస్టు 9, రాత్రి 10:48

రెండు నెలలైంది, సంగతులు చెప్పాలి.

అమెరికా వాళ్లు ఏడాది వాయిదా ఇచ్చారు, స్కాలర్‌షిప్ మాత్రం మళ్లీ చూస్తామన్నారు. అంటే లేనట్టే అనుకుంటున్నా. హైదరాబాద్‌లో ఎంపీహెచ్ సీటొచ్చింది, చేరాను. లోన్ ఆరు లక్షలు, ఇల్లు పెట్టలేదు. నాన్న ఏమీ అనలేదు కానీ ఆ రోజు రాత్రి బిర్యానీ తెచ్చాడు. ఉద్యోగానికి రాజీనామా ఇస్తుంటే మా వార్డు హెడ్ నర్సు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ చేసి, రిజిస్టర్లో నొప్పుల కాలమ్ ఎర్రసిరాతో గీయించానని చెప్పింది.

మేనమామకి 'తల్లీపిల్లల లెక్కల చదువు' అని చెప్పాను. చార్టర్డ్ అకౌంటెన్సీ అనుకున్నాడు. సరిదిద్దలేదు.

ఇప్పుడొక ప్రశ్న. డిసర్టేషన్‌కి మా పాత ఆసుపత్రి కాన్పులనే తీసుకుందామనుకుంటున్నా. పేర్లు తీసేసి గుంపులు మాత్రమే రాసుకుంటే సూపరింటెండెంట్ గారి సంతకం సరిపోతుందా? జూన్‌లో నేను పెన్సిల్‌తో రాసింది వాడొచ్చా?

లెక్కల_మాస్టారు | ఆగస్టు 10, ఉదయం 7:05

సంతకం ఒక్కటే చాలదు. మీ సంస్థ ఎథిక్స్ కమిటీకి పెట్టు, ఆ అనుమతి వచ్చాక సూపరింటెండెంట్ సంతకం తీసుకో. పేర్లు లేకపోయినా సరే, అది మనుషుల సమాచారమే. జూన్‌లో రాసింది వాడొద్దు. అనుమతి లేకుండా తీసింది, పైగా రాసినదానివీ లెక్కపెట్టినదానివీ నువ్వే. ఆ పెన్సిల్ గుర్తులు రబ్బరుతో తుడిపించు. మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఈసారి ఇంకొకరితో కూడా విడిగా గుంపులు వేయించి, ఇద్దరివీ ఎన్ని చోట్ల కలిశాయో చూడు.

సబ్‌సెంటర్_అక్క | ఆగస్టు 10, ఉదయం 8:30

ఇంకొకరు కావాలంటే నేనున్నా. ఆదివారాలు ఖాళీ. కళ్లద్దాలు మార్పించుకున్నాను.